బెలూన్ బండి చెప్పే పాఠం

బడి పిల్లలకు బొమ్మ బండ్లతో భౌతికశాస్త్రం నేర్పే కార్యక్రమం 'ఎ వరల్డ్ ఇన్ మోషన్'. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ అమెరికాలో 1990లో దీన్ని మొదలుపెట్టింది. 1905లో పుట్టిన ఈ సంస్థ వాహనాల తయారీకి ప్రమాణాలు రూపొందిస్తుంది. కార్యక్రమంలో పాఠం నడిపేది సైన్సు టీచరే. పరిశ్రమలో పనిచేసే ఇంజినీరు స్వచ్ఛందంగా వచ్చి తోడుంటారు.

ఇందులో పేరున్న ప్రయోగం 'జెట్‌టాయ్'. అట్టతో చాసిస్, ఇరుసులు, చక్రాలు, పైన ఒక బెలూన్. గాలి గొట్టం గుండా వెనక్కి తన్నుకొస్తుంటే బండి ముందుకు ఉరుకుతుంది. న్యూటన్ మూడో గమన నియమం అప్పుడు పుస్తకంలోంచి నేల మీదికి దిగుతుంది. అసలు చిక్కు తర్వాతే మొదలవుతుంది. గొట్టం వెడల్పయితే తోపు బలంగా ఉంటుంది గానీ గాలి తొందరగా అయిపోతుంది. సన్నదైతే తోపు తగ్గినా ఎక్కువసేపు నిలుస్తుంది. బండి మరీ బరువెక్కినా, ఇరుసు బిగుసుకున్నా కదలనే కదలదు. దూరం పోవాలా, వేగంగా పోవాలా, బరువు మోయాలా? మూడూ ఒకే బండిలో కుదరవు. ఏది వదులుకోవాలో పిల్లలే జట్లుగా కూర్చుని తేల్చుకోవాలి. రవాణా ఇంజినీరింగు అంతా ఈ లెక్కే.

ఇంజినీరు సాయం ఇక్కడే అక్కరకొస్తుంది. ఒక పరీక్షలో ఒక్కదాన్నే మార్చాలి. గొట్టం మార్చినప్పుడు బెలూన్‌ను మునుపటంతే ఊదాలి. ఒకే బండిని మూడుసార్లు నడిపి సగటు తీయాలి. ఇవి ఫ్యాక్టరీలో రోజూ చేసేవారి నోట వింటే పిల్లలకు గట్టిగా నాటుకుంటాయి. తాము గీసిన నమూనా పరీక్షలో విరిగిపోయిన సంగతి దాచకుండా చెప్పే ఇంజినీరు మరీ విలువైనవారు. అయితే బిగుసుకున్న ఇరుసును తానే సరిచేసి ఇస్తే పాఠం పాడైనట్టే. ఏ జట్టు వెనకబడుతోందో, ఎవరు నోరు విప్పడం లేదో టీచరుకు తెలుస్తుంది. ఈ విషయంలో టీచరు మాట ఇంజినీరు వినాలి.

కాగితపు తెరచాప పడవను ఫ్యాను గాలితో నడిపే 'స్కిమ్మర్' కూడా ఇలాంటిదే. అందులో ఘర్షణ, తెరచాప వైశాల్యం ముఖ్యం.

మన దేశంలో ఎస్ఏఈ ఇండియా ఈ కార్యక్రమాన్ని బడుల్లో నిర్వహిస్తోంది. కావలసిన సామాను అట్ట, స్ట్రా, బెలూన్, కొలిచే టేపు. వాహన పరిశ్రమలో ఉన్న తెలుగు ఇంజినీర్లు తమకు దగ్గర్లోని ప్రభుత్వ బడికి వెళ్లి, సైన్సు టీచరును కలిసి, ఏ పాఠానికి తమ అవసరం ఉందో అడగాలి.