ఒక 'ఉన్నా' గురించి

ఈ మధ్య కేసముద్రంలో జరిగిన కథాచర్చలో నా కథకు మెచ్చుకోలు బాగానే దొరికింది. చివర ఒక డిగ్రీ విద్యార్థిని లేచింది. "నల్లగా ఉన్నా కళగల ముఖం అని రాసిండ్రు. నల్లగుంటే కళ ఉండదా సార్?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలి స్త్రీ నా నాయిక. ఆమె కూలిని గురించీ, కాంటాలో మోసాన్ని గురించీ ఒళ్లు దగ్గర పెట్టుకొని రాసిన నేను, ఆమె ముఖం దగ్గరికి వచ్చేసరికి పెళ్లిచూపులకొచ్చిన మగపెళ్లివారి కళ్లు అరువు తెచ్చుకున్నాను.

ఈ తూకం మన భాషలోనే ఉంది. నల్లని పిల్లను 'రంగు తక్కువ' అంటాం. నలుపు ఒక రంగు కాదట, రంగులో తరుగట! పసుపుకు రంగు తగ్గితే ధర తగ్గుతుంది. పిల్లకు తగ్గితే కట్నం పెరుగుతుంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ ఈ భయాన్ని పుట్టించలేదు, ఉన్నదాన్నే ట్యూబులో పెట్టి అమ్మింది. 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. భయం పేరు మారలేదు.

అమెరికాలో నల్లజాతి స్త్రీల మీద ఈ పనిని ఒకప్పుడు ప్రభుత్వమే చేసింది. 1786లో స్పెయిన్ ఏలుబడిలోని లూసియానాలో, బానిసత్వంలో లేని నల్లస్త్రీలు సైతం జుట్టును గుడ్డతో కప్పుకోవాలని గవర్నరు ఆజ్ఞాపించాడు. వాళ్లు ఆ గుడ్డనే సొగసుగా చుట్టి అలంకారం చేసుకున్నారు. 1970లో వచ్చిన టోనీ మారిసన్ నవల 'ది బ్లూయెస్ట్ ఐ'లో ఏ ఆజ్ఞా లేకుండానే పెకోలా అనే పిల్ల నీలికళ్లు కోరుకుంటుంది. మారిసన్ ఆ పిల్లను 'నల్లగా ఉన్నా అందగత్తెవే' అని ఓదార్చదు. సినిమాల నుంచీ, బొమ్మల నుంచీ, కన్నతల్లి నుంచీ ఆ కోరిక ఎలా వచ్చిందో చూపిస్తుంది.

మనకు ఓల్గా 'సమాగమం' ఉంది. అందులో శూర్పణఖ సౌందర్యానికి కొత్త అర్థం వెతుక్కుంటుంది. నాకు ఇష్టమైన కథే, కాని అక్కడి గాయం ముక్కుది, రంగుది కాదు. 2020లో వచ్చిన 'కలర్ ఫోటో' సినిమా రంగు గురించే; అయితే నలుపు నాయకుడిది, నాయిక తెల్లనిదే. ఇక అభ్యుదయ రచయితలం మనం శ్రామికస్త్రీని నల్లరేగడి నేలతో పోల్చి చేతులు దులుపుకుంటాం. నేలకు పెళ్లిచూపులు లేవు కదా!

కథలో ఆ 'ఉన్నా' కొట్టేశాను. 'నల్లని, కళగల ముఖం' అని రాసి చూస్తే కృతకంగా తోచింది. చివరికి చేతులకంటిన పసుపు మాత్రం ఉంచి, ముఖవర్ణన మొత్తం తీసేసి ఆ విద్యార్థినికి పంపాను.

"ముఖమే తీసేసిండ్రా సార్?" అని జవాబు వచ్చింది.