కాచిన నీరు: సగము చెప్పిన పాఠము

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని అనుమసముద్రంపేటకు ఖాజా నాయబ్ రసూల్ దర్గాను దర్శించుటకై దూరప్రాంతముల నుండి యాత్రికులు వచ్చుచుందురు. యాత్రికుడు ఆ ఊరి నీటిని రెండు మూడు దినములు త్రాగును. ఊరివాడు జీవితమంతయు త్రాగును. ఇద్దరికిని ఒకే ఆరోగ్యసూత్రము చాలునా? చాలునన్నట్లే మనము తరగతులలో చెప్పుచున్నాము. "నీటిని కాచి, వడగట్టి త్రాగుము" అని పాఠము ముగించుచున్నాము.

ఈ సూత్రము తప్పు కాదు. కలరా, టైఫాయిడు క్రిములు మరిగిన నీటిలో చచ్చును. లోపమేమనగా, రోగములన్నియు క్రిముల వలననే కలుగుననెడి భావమును ఇది విద్యార్థికి కలిగించును. ఈ భావమును సవరించిన పరిశోధన మన నెల్లూరు జిల్లాకు సంబంధించినదే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు నాటి మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించుచు ఒక పరిశోధనా పత్రమును ప్రకటించిరి. నడుము వంగక, మెడ తిరగక బాధపడు ఆ గ్రామస్థుల వ్యాధి అంటువ్యాధి కాదు. ఎక్స్‌రే చిత్రములలో ఎముకలు దట్టమై, కీళ్ళ బంధనములు సున్నమెక్కి కనిపించెను. కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడు. అది ఏండ్ల తరబడి ఎముకలలో చేరుచుండును.

మరి కాచినచో ఏమగును? ఫ్లోరైడు చావదు, ఆవిరియై పోదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని కాచునప్పుడు పదవ వంతు ఆవిరియైనచో, మిగిలిన నీటిలో లీటరుకు 3.33 మిల్లీగ్రాములుండును. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి 1.5 మాత్రమే. క్రిముల భయము తగ్గించు లోతైన బోరు నీటిలో, రాతిని బట్టి, ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చును. చెరువు నీటిలో అది సాధారణముగా తక్కువ, క్రిములు ఎక్కువ. ఒక ప్రమాదమునకు చెప్పిన మందు రెండవ దానికి పనిచేయదు.

ఇందుచే కాచుట మానుమని కాదు. పాఠమును పూర్తిచేయుమని మా మనవి. ఏ నీటిని గురించియైనను రెండు ప్రశ్నలు వేయవలెను: క్రిములున్నవా? కరిగిన లవణములేవి? రెండవ దానికి రంగు, రుచి సమాధానము చెప్పవు. రసాయన పరీక్షయే చెప్పును. మెట్టప్రాంతమైనంత మాత్రమున ప్రతి బావిలోను ఫ్లోరైడు ఉన్నదనుకొనుటయు పొరపాటే. ఫ్లోరైడు మించినచో వేరు నీటిని వెదకవలెను. లేదా పటిక, సున్నములతో శుద్ధిచేయు నల్గొండ పద్ధతి వంటిదానిని అనుసరించవలెను.

పిల్లల పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు మొదట చూడగలవాడు ఉపాధ్యాయుడే. మచ్చలన్నియు ఫ్లోరైడువే కావు. కాని అట్టివి పెక్కుమందిలో కనిపించినప్పుడు "పండ్లు సరిగా తోముకొనలేదు" అని బాలుని మందలించుటకు ముందు, బడిలోని నీటిని పరీక్షకు పంపవలెను. పెద్దవారి ఎముకలలో చేరిన ఫ్లోరైడు చేసిన చెరుపును పూర్తిగా మాన్పు మందు లేదు. అందుచే ఈ పాఠము ఆలస్యముగా వచ్చినచో ప్రయోజనము స్వల్పము.