ఆంగ్లరచనయందు ఉపమావాచకములు

‘లైక్’, ‘యాజ్’ అను రెండింటికిని ‘వలె’ యని యొక్క యర్థమే చెప్పి విడుచుట చాలదు. గురజాడ అప్పారావుగారు విజయనగర మహారాజ కళాశాలలో ఉపన్యాసకులుగా నుండిరి. ఈ ‘గా’కు ‘యాజ్’ తగును. ‘లైక్’ వ్రాసినచో వారు ఉపన్యాసకులు గాక, ఉపన్యాసకులను పోలినవారగుదురు! ఉద్యోగమే ఉపమానమైపోయినది.

ఇంకొకటి. అప్పారావుగారు 1897 నాటి కన్యాశుల్కమునకు ఆంగ్లమున పీఠిక వ్రాసిరి. గిడుగు రామమూర్తిగారి సవరభాషా వ్యాకరణమును ఆంగ్లముననే 1931లో వెలువడినది. దీనినే ‘అప్పారావుగారి పీఠికవలె రామమూర్తిగారు ఆంగ్లమున వ్రాసిరి’ అన్నచో, పీఠికకును మనుష్యునకును సామ్యమేమి? ఉపమేయము రామమూర్తిగారైనప్పుడు ఉపమానము అప్పారావుగారే కావలెను. కావ్యాదర్శము చదివిన పండితులు ఈ దోషమును ఆంగ్లోపాధ్యాయులకంటె ముందే పట్టగలరు. బుద్ధిమంతులకు ఉద్వేగము కలుగనిచో లింగవచనభేదమును దండి దోషముగా నెంచలేదు. ఇచ్చట నుద్వేగము తప్పదు.