పెన్సిలుకు ముందు వేలు

మా గోదావరి జిల్లాల్లో పిల్లలకు అక్షరాభ్యాసం చేయని ఇల్లు అరుదు. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాణ్ణి తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టి, ఆ చిన్న వేలు పట్టుకుని అక్షరాలు దిద్దిస్తారు. వచ్చిన పిల్లలకు పలకలు, బలపాలు పంచుతారు. ఆ పూట జరిగేదంతా మూడేళ్ళ పిల్లవాడికి సరిగ్గా సరిపోయే చదువే. కూర్చున్నది నాన్న ఒళ్ళో. వేలికి గింజలు తగులుతుంటాయి. తప్పు పోతే అరచేత్తో చెరిపేస్తే సరి. తెల్లారేసరికి అదే పిల్లవాడి చేతికి కాపీ పుస్తకం, పెన్సిలు ఇచ్చి పేజీ నింపమంటున్నాం. నా అభ్యంతరమల్లా అక్కడే. ఆ పళ్ళెం ఇంకో రెండేళ్ళు పిల్లవాడి ముందు ఉండాలంటాను.

ఈ డెల్టాలోనే చిన్నపిల్లలకు చదువు చెబుతున్న దాన్ని. నా పద్ధతిలో నేను కొత్తగా కనిపెట్టినది లేదు. కొంత వీధిబడిది, కొంత అమ్మమ్మలది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాకెన్ని బళ్ళున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. రాజమండ్రి జిల్లా నుంచి సుమారు 290 బళ్ళు, రెండున్నర వేలకు పైగా పిల్లలు ఉన్నట్టు లెక్క వెళ్ళింది. అంటే బడికి తొమ్మిది, పదిమంది. ఒక పంతులు ప్రతి పిల్లవాడి చేతినీ చూడగలిగిన సంఖ్య అది. అలాంటి బళ్ళలో చదువు ఎలా సాగేదో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823లో రాసిన నివేదికలో వివరంగా ఉంది. ఐదో ఏట బడిలో వేసేవారు. మొదట నేల మీద ఇసుకలో వేలితో దిద్దడం, తాటాకూ గంటమూ కాగితమూ ఆ తర్వాతే. ముందు నేర్చిన పిల్లలు వెనకవాళ్ళకు చెప్పేవారు. ఖర్చు తక్కువ, పని ఎక్కువ అని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అంతకు ముందే, 1789లో మద్రాసు ఎగ్మోర్‌లో అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్, ఇక్కడి బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలోనూ మొదలుపెట్టాడు. ఇంగ్లండు తిరిగి వెళ్ళి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడి బళ్ళలో అది ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో పాకిపోయింది. మన ఇసుక అలా సముద్రం దాటితే, మనం దాన్ని వాకిట్లోంచి ఊడ్చేశాం.

ఇసుక మీద రాయించడానికీ ఓ తీరుంది. గోదావరి ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టాలి. అడుగు ముదురు రంగులో ఉన్న పళ్ళెంలో పలచగా పరవాలి. మందంగా పోస్తే గీత పూడుకుపోతుంది. పలచగా ఉంటే వేలు వెళ్ళిన దారిలో అడుగు కనిపిస్తుంది, అక్షరం దానంతటదే మెరుస్తుంది. మొదటి నెలంతా అక్షరం ఊసెత్తను. సున్నాలు, అరసున్నాలు, అలలు, నత్తగుల్ల చుట్లు. మన లిపి గుండ్రాల లిపి. భుజం నుంచి చెయ్యి తిరగడం వస్తే సగం తెలుగు వచ్చినట్టే. మూడేళ్ళవాడి మణికట్టులో ఎముకలు ఇంకా చాలావరకు మెత్తని మృదులాస్థే. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ గట్టిపడుతుంది. అలాంటి చేత్తో సన్నని పెన్సిలు బిగించి పట్టించి, గీత దాటకుండా రాయమనడం ఆ చేతిని హింసపెట్టడమే.

అక్షరాలను ‘అ ఆ’ల వరసలో రాయించను. ఆ వరస నోటికి, పాటకి. రాతకు మాత్రం చుట్టరికం చూస్తాను. ‘ద’ వచ్చిన చేతికి పొట్టలో చుక్క పెడితే ‘థ’, కింద గీత పెడితే ‘ధ’. ‘వ’ వస్తే ‘ప’, దాని వెనకే ‘ష’, ‘ఫ’. ఒక అక్షరం నేర్చిన పిల్లకు పక్కింటి అక్షరం తనంతట తనే దొరికితే ఆ మొహం చూడాలి! ఇసుకతో పాటు అరచేతి మీద, వీపు మీద కూడా రాస్తాను. కళ్ళు మూసుకుని అదేమిటో చెప్పాలి. పొద్దున్నే మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారని కాంప్‌బెల్ రాశాడు. రెండోవాడికి సున్న, మూడోవాడి నుంచి దెబ్బలు, ఒక్కొక్కటి పెరుగుతూ. నేను దెబ్బలు వదిలేసి, అందరి అరచేతిలోనూ వాళ్ళ పేరులోని మొదటి అక్షరం రాస్తున్నాను. 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీదే పిల్లల వేలు నడిపించేది.

లెక్కలకు అమ్మమ్మలే గురువులు. కాళ్ళాగజ్జా ఆడేటప్పుడు పిల్లలంతా కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుంటారు. ఒక మాటకు ఒక కాలు. మాట దాటకూడదు, కాలు దాటకూడదు. ఒకటికి ఒకటి జత కలపడం, అంకెలన్నిటికీ పునాది, అందులోనే ఉంది. గుడుగుడుగుంచంలో పిడికిలి మీద పిడికిలి ఎక్కుతుంటే పైన, కింద, మధ్యన అన్న మాటలు వేళ్ళకే తెలుస్తాయి. ఇక వామనగుంటలు. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు, దోసెడు చింతపిక్కలు. చిన్నవాళ్ళకు ఆట నియమాలు చెప్పను, ఊరికే పంచమంటాను. గుంటకు ఒకటి చొప్పున వేస్తూ చివరికి వచ్చేసరికి పిక్కలు చాలకపోతే పిల్ల ఆగుతుంది. మొదటి గుంట వైపు చూస్తుంది. అందులో రెండు పడ్డాయని తనే కనిపెట్టి, ఒకటి తీసి చివర వేస్తుంది. ఆ ఆగిన క్షణంలో నేను నోరు మూసుకుని ఉండాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది అదే.

భాష దగ్గర కూడా ఇంతే పట్టుదలగా ఉంటాను. ఒక పిల్లవాడు పుస్తకంలో పశువుల బొమ్మలు చూపిస్తే పెదవి విప్పలేదు. ‘మీ గేదె ఈనిందటగా నాన్నా?’ అన్నాను. ‘ఆయ్, పెయ్యదూడండీ, నల్లదండీ, నుదుటి మీద చుక్కుందండీ’ అని మొదలుపెట్టి, జున్ను ఎవరెవరి ఇంటికి పంపారో అనేదాకా చెప్పాడు. వాడికి భాష లేక కాదు కదా మాట్లాడనిది! ఇంటిమాట బడిలో చెల్లాలని గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోరాడారు. సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. వ్యావహారిక భాష కోసం 1919లో రాజమండ్రిలో సమాజం పెట్టినప్పుడు కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులయ్యారు. అదే గడ్డ మీద నాలుగేళ్ళ పిల్లను ‘తెలుగులో మాట్లాడితే ఫైన్’ అనే బళ్ళు నడుస్తున్నాయి. నాకు కోపం వస్తుంది, దాచుకోను.

వీధిబడిని నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. బెత్తం, గోడకుర్చీ, దూలానికి వేళ్ళాడదీసే కోదండం అక్కడివే. అర్థం తెలియని పద్యాలు వల్లె వేయించేవారని కాంప్‌బెల్ కూడా తప్పు పట్టాడు. ఆడపిల్లలు బహు తక్కువ, దళితుల పిల్లలకు ఆ అరుగు మీద చోటే లేదు. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరవాల్సి వచ్చింది అందుకే. పద్ధతి మంచిదైనా తలుపు మూసి ఉంటే ఆ మంచితనం సగమే. 1975లో మొదలైన అంగన్‌వాడీల గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఏ పేట పిల్లయినా ఆ చాప మీద కూర్చోవచ్చు.

‘టీచరుగారూ, ఎదురింటి పాప ఏబీసీడీలు రాసేస్తోందండీ, మావాడు ఇంకా ఇసుకలో ఆడుతున్నాడేంటండీ?’ అని తల్లులు అడుగుతారు. ఆ బెంగ నాకు అర్థమవుతుంది, ఫీజు కట్టేది వాళ్ళు. వాళ్ళను కాసేపు వెనక వరసలో కూర్చోమంటాను. ఐదేళ్ళ పిల్ల మూడేళ్ళవాడి వేలు పట్టుకుని ఇసుకలో సున్న చుట్టించడం, చుట్టిస్తూ ‘అలా కాదురా, ఇటు నుంచి’ అని చెప్పడం చూస్తే చాలామంది మళ్ళీ ఆ ప్రశ్న వేయరు. ఆ చెప్పడంలో పెద్దపిల్లకు తన పాఠం రెండోసారి వస్తోంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశ అనీ, అది ఆటలతో సాగాలనీ చెప్పింది. కాగితం మీద మాట కుదిరింది. ఇక నేల మీదకు రావాలి.

జూన్‌లో మీ పాపను బడిలో వేయడానికి వెళ్ళినప్పుడు ఏసీ గది, డిజిటల్ బోర్డు చూడకముందు మూడు సంగతులు అడగండి. పిల్లలు ఇసుకలోనో మట్టిలోనో రోజూ ఎంతసేపు ఉంటారు? పెన్సిలు ఏ వయసులో ఇస్తారు? ఇంట్లో మాట్లాడే మాట మాట్లాడితే టీచరు ఏమంటారు? జవాబు నచ్చకపోతే సీటు కోసం తొందరపడకండి, పక్క వీధిలో అంగన్‌వాడీ ఉంటుంది, అక్కడికి కూడా ఒకసారి వెళ్ళి చూడండి.