పావు చుట్టు పనితనం

సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకున్న కొత్తలో వేళ్లు కోసుకుపోతుంటే, తప్పు నా చేతిదే అనుకున్నాను. కాదు, తీగలు మరీ ఎత్తులో ఉన్నాయని రిపేరు చేసే ఆయన చూడగానే చెప్పాడు. లావు తీగను మొదటి మెట్టు దగ్గరా, చివరి మెట్టు దగ్గరా నొక్కిపట్టి, ఏడో మెట్టు మీద సందు ఎంతుందో కన్ను ఆనించి చూశాడు. విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు. అక్కడ రూపాయి బిళ్ల దూరేలా ఉంది. మెడ లోపలి ఇనుప కడ్డీని అలెన్ కీతో పావు చుట్టు తిప్పి, ఆగి, మళ్లీ చూశాడు. కర్రతో తొందర పనికిరాదు. సన్నటి 9 గేజు తీగలు ఎక్కించాడు. 12వ మెట్టు మీద ప్రతి తీగనూ తాకీ తాకనట్టు ఒకసారి, నొక్కి ఒకసారి మీటి, రెండు స్వరాలూ ఒకటయ్యేదాకా బ్రిడ్జి మీది చిన్న స్క్రూను సవరిస్తూనే ఉన్నాడు. ఎంత ఓపికో! నేర్చుకునేవాడికి మొదటి గురువు ఈయనే అంటాను. గరగరలాడే వాల్యూమ్ గుబ్బలో క్లీనర్ కొట్టి, అటూ ఇటూ తిప్పి, గిటార్ నా ఒళ్లో పెట్టాడు. రెండే వేళ్లతో ఇ మైనర్ పట్టాను. ఆరు తీగలూ పలికాయి.