నీటి అడుగు చూపు అద్దము

కెమెరాకు తగిలించు రంగుటద్దములు చేయు పనిని నేడు చాలవరకు కంప్యూటరు చేయుచున్నది. చిత్రమునకు వెచ్చదనమైనను చల్లదనమైనను ఇంటికి వచ్చిన పిమ్మట తీరికగా కూర్చుకొనవచ్చును. కాని వాన వెలిసిన ఉదయమున మారేడుమిల్లి వాగు కడ నిలిచినపుడు, తడిసిన ఆకులపైనను రాళ్లపైనను పారు నీటిపైనను ఆకాశము తన తెల్లదనమును పూసి, ఆకు పచ్చదనమును, రాతి వన్నెను, అడుగున నున్న గులకలను కంటికి అందనీయకున్నచో, అట్టి వేళ తీసిన చిత్రమును ఎన్ని విధముల దిద్దినను, కెమెరాలోనికి రాని గులకరాయిని అందు మొలిపింపజాలము. కావుననే ఆ తెల్లని తళుకును తొలగించుటకై లెన్సు ముందు బిగించు పోలరైజర్ అను ఫిల్టరును కొనునపుడు లెన్సును కొనునంత శ్రద్ధ వహింపవలయునని నా మతము.

ఈ తళుకులోని రహస్యమును తొలుత పసికట్టినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎతియెన్ లూయీ మాల్యూస్. 1808లో పారిసు నగరమున లక్సెంబర్గు ప్రాసాదపు కిటికీలపై ప్రతిఫలించు సాయంకాలపు సూర్యుని ఐస్లాండు స్ఫటికము గుండ చూచుచు, స్ఫటికమును త్రిప్పినకొలది అందలి జంట బింబములలో ఒకటి క్షీణించుటను ఆయన గమనించెను. నీటిపైనుండియో గాజుపైనుండియో ఏటవాలుగ పరావర్తనము చెందిన కాంతి ఒకే దిశలో కంపించుటకు మొగ్గును. ఆ దిశకు అడ్డుగ ఫిల్టరును త్రిప్పినచో ఆ కాంతి ఆగిపోవును. చూపు నీటిమట్టముతో సుమారు 37 డిగ్రీల కోణము చేయునపుడు ఈ ఫలము పరిపూర్ణము. నిట్టనిలువుగ వంగి చూచువానికి అద్దము ఎంత మేలైనదైనను ప్రయోజనము లేదు. కొంచెము వెనుకకు జరిగి చూపును వాల్చినవానికి వాగు అడుగు దర్శనమిచ్చును. లోహముల స్వభావము వేరు. అరటియాకు మీది మెరపు తొలగునుగాని, ప్రక్కనున్న ఇత్తడి బిందె మెరపు తొలగదు.

ఇక అంగడిలో చూడవలసినవి. లీనియర్, సర్క్యులర్ అని పోలరైజర్లు రెండు తెగలు. లోపల దర్పణమున్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో ఆటోఫోకసుకును వెలుతురు కొలతకును కాంతిని పంచియిచ్చు అర్ధపారదర్శక దర్పణము, ఒకే దిశలో కంపించు కాంతి వచ్చినచో తికమకపడును. ఆ చిక్కును వారించుటకై సర్క్యులర్ ఫిల్టరులో వెనుకవైపున మరియొక పొరను చేర్చి కాంతిని వలయగతికి మరల్తురు. మిర్రర్‌లెస్ కెమెరాలలో ఆ దర్పణము లేదు, లీనియరే చాలును. అయినను రెంటికిని పనికివచ్చు సర్క్యులర్‌నే కొనుట మేలు. చేతనున్నది నిజముగ సర్క్యులరేనా అని తెలిసికొనుటకు ల్యాప్‌టాప్ ఎల్.సి.డి. తెర చాలును: బిగించు మరల వైపు కంటికి ఉండునట్లు పట్టి త్రిప్పినచో ఒక స్థానమున తెర నల్లబడవలయును, తిరగవేసి త్రిప్పినపుడు నల్లబడక వన్నె మాత్రము కొంచెము మారవలయును. పిదప తెల్లకాగితముపై ఉంచి చూడుడు. పసుపు జాడ గాని ఆకుపచ్చ జాడ గాని ఉన్నచో కొనవలదు.

కొలత విషయమున నా సలహా నిర్మొహమాటమైనది. 52, 67, 77 మిల్లీమీటర్ల లెన్సులు మూడున్నచో మూడు చవుక ఫిల్టర్లు కొనక, 77 మిల్లీమీటర్లది ఒక్కటి మేలురకపుది కొని, తక్కినవాటికి స్టెప్-అప్ రింగులు తగిలింపుడు. లెన్సు హుడ్డు అప్పుడు అమరదు. ఎదురెండలో చేతితో నీడ పట్టవలసివచ్చును. ఇత్తడి రింగు ధర ఎక్కువైనను అల్యూమినియమువలె మరలలో పట్టుకొనిపోవుట అరుదు. వైడ్ లెన్సులు వాడువారు పలుచని అంచుగలదానిని కోరవలయును, లేనిచో చిత్రపు మూలలు నల్లబడును.

ఒకటిన్నర మొదలు రెండు స్టాపుల వెలుతురును ఈ అద్దము మ్రింగును; సెకనులో 250వ వంతు చాలునన్నచోట 60వ వంతు కావలసివచ్చును. ఇది నిత్యము లెన్సుకు తగిలించియుంచదగిన కాపలా అద్దము కాదు. త్రిప్పుటలోను మితము వలయును: సమస్తమైన తళుకును తుడిచివేసిన ఆకు మైనముతో పోతపోసినదివలె కానవచ్చును గనుక, నేను కొంత నిగ్గును నిలిపియే షట్టరు నొక్కుదును. సూర్యునికి 90 డిగ్రీల ప్రక్కన ఆకాశము మిక్కిలి నీలమగును, ఇరుప్రక్కల వెలవెలబోవును. అందుచేత వైడ్ లెన్సుతో విశాలాకాశమును తీయువారును, చిత్రములనేకము కలిపి పనోరమా కూర్చువారును ఫిల్టరును విప్పి సంచిలో వేసికొనుటయే ఉత్తమము.