కట్ట మీద గాలం

తెల్లారి ఐదున్నరకల్లా రిటైరైన లెక్కల మాస్టారొకరు చెరువు కట్ట ఎక్కుతారు. చేతిలో వెదురు కర్ర, భుజాన గుడ్డ సంచి, సంచిలో తడిమట్టి నింపిన పాత డబ్బా. ఆ మట్టిలో ఎర్రలు. వరంగల్ పక్కనున్న ఆ ఊరి చెరువు పెద్దదేమీ కాదు. తూము దగ్గర నిలబడి గట్టిగా పిలిస్తే మత్తడి దగ్గరున్న మనిషి పలుకుతాడు. నీళ్లలోకి వంగిన తుమ్మచెట్టు పక్కన ఆయన చోటు. ఎండ ముదిరితే చేపలూ ఆ నీడకే వస్తాయి.

దూరం నుంచి చూసేవాళ్లకు గాలం వేయడమంటే ఊరికే కూర్చోవడం. దగ్గరికెళ్తే ఆ పనిలో ఎంత లెక్క ఉందో తెలుస్తుంది. మాస్టారు ముందు బెండును సరిచేస్తారు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో మేస్తుంది. రవ్వ నడిమి నీళ్లలో తిరుగుతుంది. మృగాల అడుగు బురదలో వెతుక్కుంటుంది. కాబట్టి బెండును జానెడు అటో ఇటో జరిపితే గాలానికి పడే చేపే మారిపోతుంది. ఎర కూడా అంతే. తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద ఒకదానికి, ఎర్ర ఇంకోదానికి. ఇక నీళ్ల మీద బెండు చెప్పే కబుర్లు చదవాలి. సన్నగా వణికితే పరకలు ఎరను గిల్లుతున్నాయి. ఉన్నట్టుండి అడ్డంగా పడుకుంటే అడుగున ఏదో ఎరను నోట పట్టి పైకి లేపింది. అప్పుడు కర్రను గబుక్కున లాగినవాడికి ఖాళీ కొక్కెమే మిగులుతుంది. ఎంతసేపు ఆగాలో చేతికి తెలియాలి. అది తెలియడానికి మాస్టారికి మూడు వానాకాలాలు పట్టింది.

ఈ విద్య మీద మన పక్కనే పుట్టిన పాత గ్రంథం ఒకటుంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసంలో 'మత్స్యవినోదం' అని ఒక అధ్యాయం. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దానికి ఏ మేత ఇష్టం, గాలంతో ఎలా పట్టాలి అన్నవి అందులో ఉన్నాయి. అప్పటికి కాకతీయులు ఆ చాళుక్యులకే సామంతులు. గాలం వేట అనగానే లోకం తలచుకునే ఐజాక్ వాల్టన్ ఇంగ్లీషు పుస్తకం వచ్చింది 1653లో, అంటే దీని తర్వాత ఐదు వందల ఏళ్లకు. ఈ సంగతి మన బడిపిల్లలకు చెప్పేవాళ్లు లేకపోవడం బాధాకరం.

అయితే రాజు గాలానికీ మాస్టారి గాలానికీ పెద్ద తేడా ఉంది. ఈ చెరువులో చేప మత్స్యకారుల సంఘానిది. బొచ్చె, రవ్వ, మృగాల వరద పారే నదుల్లో గుడ్లు పెట్టే జాతులు. నిలవనీటి చెరువులో పెరుగుతాయి తప్ప పిల్లలను పెట్టవు. ఒకప్పుడు ఆ పిల్లలను నదుల్లోంచే పట్టి తెచ్చేవాళ్లు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరుడు అలికున్హి చేపలోని పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతుల చేత గుడ్లు పెట్టించారు. ఆ తేదీని ఇప్పటికీ జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటాం. తెలంగాణ ప్రభుత్వం 2016లో చెరువుల్లో ఉచితంగా పిల్లలు వదిలే పథకం మొదలుపెట్టగలిగిందంటే దాని వెనక ఆ సూదిమందు ఉంది. చెరువులో దొరికే ప్రతి బొచ్చె ఎవరో తెచ్చి వదిలినదే. దాని మీద ఎవరో ఒకరి ఇంటి ఖర్చు ఆధారపడి ఉంటుంది.

"బొచ్చె పడితే ఇడిచిపెట్టుండ్రి సారూ, ఇంకా కిలోకు రాలే" అంటాడు వల సర్దుకుంటూ సంఘం కుర్రాడు. "ఎప్పుడన్న ఉంచుకున్ననా తమ్మీ?" అంటారు మాస్టారు. మాట కోసం అన్నది కాదు. ఆయన కొక్కేనికి ఉండే ఎదురుముల్లును పటకారుతో ముందే నొక్కేస్తారు, చేప నోరు చీలకుండా ఊడి రావాలని. చెయ్యి తడుపుకున్నాకే చేపను ముట్టుకుంటారు. పొడిచేత్తో పడితే దాని ఒంటి జిగురు పోయి రోగాలు తగులుకుంటాయి. తెగిన నైలాన్ దారాన్ని చుట్ట చుట్టి జేబులో వేసుకుంటారు, కొంగల కాళ్లకు ఉరి పడకుండా.

ఇంటికి పట్టుకెళ్లేది జిలేబీ చేప. 1952లో మన దేశానికి తెచ్చిన విదేశీ జాతి ఇది. ఆడచేప గుడ్లను నోట్లో దాచుకుని పొదుగుతుంది కాబట్టి ఏ చెరువులోనైనా దానంతటదే పెరిగిపోతుంది, మిగతా చేపల మేత లాక్కుంటుంది. పిల్లలకు గాలం నేర్పాలంటే దీనితోనే మొదలుపెట్టాలి. ఎన్ని పట్టినా చెరువుకు మేలే.

కొర్రమీను సంగతి వేరు. 2016లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించారు. మృగశిర కార్తెనాడు బజారులో దానికున్న గిరాకీ ఇంకే చేపకూ ఉండదు. సరిగ్గా ఆ తొలి వానలప్పుడే అది ఒడ్డున గడ్డి పక్కకు నెట్టి, ఖాళీ చేసిన చోట గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టాక తల్లీ తండ్రీ రెండూ కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా, గుంపుగా తిరుగుతుంటాయి. గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చినప్పుడల్లా నీటి మీద చినుకులు పడ్డట్టు ఉంటుంది. వేటకు తిరిగేవాళ్లు వెతికేది ఆ చినుకులనే. గుంపు మధ్యలో కప్పను విసిరితే కింద ఉన్న పెద్దచేప ఆకలితో పని లేకుండా ఎగిరి కరుస్తుంది. పిల్లల మీదికి ఏదో వచ్చిందని దాని భయం. ఆ చేపను లాగేస్తే గుంపును మిగతా చేపలు, నీటికాకులు తినేస్తాయి. ఒక్క చేపకు వందల పిల్లలు పోతాయి.

దాన్ని వేట అనకూడదు. ఈ వానాకాలం మీ ఊరి చెరువులో ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే గాలం పైకి తీసెయ్యండి. పక్కన గాలం వేసేవాళ్లుంటే వాళ్లకూ చెప్పండి. రెండు నెలలు ఆగితే చాలు.